కల్వర్టు కింద నురుగు

ఆమె నోరు విప్పితే మార్కెట్టు ఆ చివర బేరాలు ఆగిపోయేవి. అందుకే అందరూ మైకక్క అన్నారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఆమె మొగుడికి కూడా ఠక్కున గుర్తొచ్చేది కాదు. చేపలమ్మే ఆడవాళ్లకు సంఘం పెట్టింది ఆమే. కుళాయి రాకపోతే అందరినీ ఖాళీ బిందెలతో ఆఫీసు మెట్ల మీద కూర్చోబెట్టింది ఆమే. గొంతు సరిపోదేమోనని సంఘానికి ఒక బ్యాటరీ మైకు కొనిపించింది కూడా ఆమే. ఉన్న గొంతే ఎక్కువైతే ఇంకా మైకెందుకని మొగుడు ఒకసారి నసిగాడు గానీ, ఆ నసుగుడు ఎవరికి వినపడుతుంది.

వాళ్ల వీధి వెనక కాలువ ఉంది. ఎగువన పొలాలు, పొలాలు దాటాక కల్వర్టు, దానికి దిగువన బట్టలకు రంగులు వేసే షెడ్డు, ఇంకా కిందికి వస్తే వీధివాళ్లందరూ కలిసి పెంచుకునే చేపల చెరువులు. కాలువ నీళ్లు తూములోంచి చెరువుల్లోకి వస్తాయి. ఆ నీళ్లే తిండి, ఆ నీళ్లే బట్ట.

ఒక రోజు తెల్లారేసరికి చెరువుల మీద తెల్లటి పొట్టలు తేలాయి. తూము దగ్గర మోకాలెత్తు నురుగు. నురుగంటే సబ్బు, సబ్బంటే షెడ్డు. రంగు వేసే ముందూ వేసిన తర్వాతా బట్టలు ఉతికేది అక్కడే. ఇందులో ఆలోచించడానికి ఏముందని ఎవరూ ఆలోచించలేదు. చచ్చిన చేపల్ని తట్టల్లోకెత్తుకుని అందరూ షెడ్డు మీదకి వెళ్లారు. ముందు మైకక్క.

యజమాని లేడు. ఎప్పుడూ ఉండడు. గేటు దగ్గర ఉన్నది పంపు బాబాయ్. షెడ్డు మురికినీళ్లు తొట్టిలో తేరుకున్నాక పంపు పెట్టి కాలువలోకి వదలడం ఆయన పని. వీధి మొదట్లో ఇల్లు. మైకక్క చిన్నప్పుడు సైకిలు వెనక పట్టుకుని పరిగెత్తి, ఆమెకి తొక్కడం నేర్పింది ఈయనే. గుంపుని చూసి రెండు చేతులూ పైకెత్తాడు. ఏదో చెప్పబోయాడు. పెదాలు కదలడం అందరికీ కనిపించింది. మాట మాత్రం మైకులో కొట్టుకుపోయింది.

చేపల మొప్పల్లోంచి వలతాడు దూర్చి దండ గుచ్చింది మైకక్కే. ఆ వేళ్లకి అలవాటైన పనే, క్షణాల్లో అయిపోయింది. దాన్ని బాబాయ్ మెడలో వేస్తే గుంపంతా గొల్లున నవ్వింది. ఆయన్ని షెడ్డు నుంచి మార్కెట్టు దాకా నడిపించారు. నీళ్లు కారుతున్న చేపలు చొక్కాకి అంటుకుపోయి ఊగుతుంటే ఆయన తల దించుకుని నడిచాడు. గడపల్లో నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. పిల్లలు వెనక పరిగెత్తారు. సాయంత్రానికల్లా యజమాని కబురు పంపాడు. పంపు మనిషి తనని అడక్కుండా నీళ్లు వదిలాడట, తప్పంతా వాడిదేనట, వాణ్ణి తీసేశాడట.

గెలిచామన్నారు. మైకక్క కూడా అంది. యజమాని చొక్కా నలగకుండా, ఒక ముసలాయన చొక్కా కంపు కొట్టించి గెలిచారు.

షెడ్డు పంపు ఆగింది. చేపల చావు ఆగలేదు. చచ్చినవి తక్కువే గానీ, బతికినవాటి బతుకు చావులా ఉంది. పొద్దెక్కేసరికి నీటి మీదకొచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలు వేసేవి. ఒక పక్కకి ఒరిగి గుండ్రంగా తిరిగేవి. మేత విసిరితే దాని మీద నుంచే ఈదుకుంటూ పోయేవి. వలకి మాత్రం సులువుగా చిక్కేవి. ఒళ్లంతా కోడిగుడ్డు సొనలాంటి జిగురు. మైకక్క ఆ జిగురుని గోనెగుడ్డతో తుడిచి పళ్లెంలో పేర్చేది. మొప్ప ఎత్తి ఎర్రదనం చూపిస్తే గానీ ఎవరూ కొనరు. పాలిపోయిన మొప్పకి పక్క చేప నెత్తురు రాసి చూపించేది. మార్కెట్టులో అందరూ చేసే పనేనని తనకి తాను చెప్పుకునేది. రోజూ వందమందికి మొప్ప ఎత్తి చూపించే మనిషి, ఆ మొప్ప ఎందుకలా ఉందని తను మాత్రం చూడలేదు.

చేపల ఆఫీసు నుంచి డాక్టరమ్మని రప్పించింది కూడా మైకక్కే. షెడ్డు యజమాని మీద గట్టి సాక్ష్యం కావాలని ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి రప్పించింది. డాక్టరమ్మ చిన్న వయసుది, పెద్ద సంచీతో వచ్చింది. ముందు కాలువ వెంబడి నడిచి సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లింది. కొన్నాళ్లకి మళ్లీ వచ్చి, మార్కెట్టు వెనక ఐసు కొట్టే గదిలో బల్ల కడిగించి చేపల్ని కోసింది. మైకక్క తప్ప అందర్నీ బయట ఉండమంది. సంఘం పెద్ద కదా.

కత్తెరతో మొప్ప మూత తీసేసి, లోపలి ఎర్రటి పొరని గాజుపలక మీద పరిచి, భూతద్దం చేతికిచ్చింది. దువ్వెన పళ్లలా విడివిడిగా ఉండాల్సినవి ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. వాటి మధ్యలో జిగురు. చేప ఊపిరి పీల్చేది వీటితోనేనని, ఇవి మూసుకుపోతే నీళ్లలో ఉండి కూడా చేపకి ఊపిరాడదని, అందుకే పైకొచ్చి నోరు తెరుస్తోందని డాక్టరమ్మ చెప్పింది. కార్జం కోసి చూపించింది. నాని చివికిన గుడ్డలా ఉంది. ఆడచేపల్లో గుడ్లు ఎండిపోయి ఉన్నాయి. వచ్చే ఏడు పిల్లలు కూడా సరిగ్గా రావంది.

షెడ్డువాణ్ణి వదలకూడదని మైకక్క పళ్లు కొరికింది.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. రంగునీళ్లయితే మొప్పలకి రంగు పట్టేదట. సీసాల్లో తేలింది కలుపు మందు, పొలాల్లోనూ గట్ల మీదా గడ్డి చావడానికి కొట్టేది. నురుగు షెడ్డుకి ఎగువన, కల్వర్టు కింద కూడా ఉంది.

"నీళ్లు ఎదురు పారవు కదండీ," అంది డాక్టరమ్మ. "కానీ నాకొకటి అర్థం కావట్లేదు. ఉన్న మందు కొద్దిగానే ఉంది. దానికే మొప్పలు ఇంతలా పాడవవు. సబ్బు లాంటిదేదో తోడైతే మందు మొప్పల్లోకి సూటిగా దిగిపోతుంది, సబ్బు కూడా సొంతంగా కాలుస్తుంది. ఇక్కడ స్ప్రే చేసేవాళ్లు మందులో ఏమైనా కలుపుతారా?"

మైకక్క భూతద్దం బల్ల మీద పెట్టేసింది.

"ఏమోనమ్మా. నాకేం తెలుసు," అంది.

ఆమెకి తెలిసినంత ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఆమె మొగుడు స్ప్రేయరు. వీపుకి ట్యాంకు తగిలించుకుని పొలాలకీ కాలువ గట్లకీ మందు కొట్టడం అతని పని. మునుపు ఆ మందు ఆకు మీద నిలిచేది కాదు. నున్నటి ఆకులు, చుక్క పడితే పూసలా దొర్లిపోయేది. కొట్టిన చోటే మళ్లీ కొట్టలేక చస్తున్నానని అతను గొణిగితే, అంట్లు తోముతున్న మైకక్కకి ఒక ఆలోచన తట్టింది. పళ్లెం మీద మామూలు నీళ్లు జారిపోతాయి, సబ్బునీళ్లు పరుచుకుంటాయి. ట్యాంకులో గుప్పెడు బట్టల సబ్బుపొడి వేసి చూడమంది. గడ్డి నిలువునా మాడిపోయింది. అంతే, స్ప్రేయర్లందరూ ఆ ఇంటికే వచ్చారు. ఆమె కూర్చుని సబ్బుపొడి గుప్పెడు గుప్పెడు చొప్పున కవర్లలో కట్టి ఇచ్చేది. మైకక్క పొట్లం అని పేరొచ్చింది దానికి. ఎంత మురిసిపోయిందో.

ఇంకొకటి కూడా ఉంది. పని అయ్యాక ట్యాంకుని శుభ్రంగా కడగాలని మందు డబ్బా మీదే రాసుంటుంది. మందు కంపు ఇంట్లోకి తేవద్దని, కల్వర్టు దగ్గర మెట్లున్నాయి కాబట్టి అక్కడే నీళ్లు పోసుకుని మళ్లీ మళ్లీ కడుక్కుని రమ్మని గట్టిగా చెప్పింది మైకక్కే. స్ప్రేయర్లు బుద్ధిమంతుల్లా అక్కడే కడిగారు, రోజూ, వరసగా నిలబడి. ఎంత బాగా కడిగితే అంత నురుగు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి అటక మీద పొట్లాలు పేర్చి ఉన్నాయి. వాటివైపు చూడలేక గోడవైపు తిరిగి కూర్చుంది. మొగుడొచ్చాక చెప్పింది. అతను చాలాసేపు కాళ్లు కడుక్కుంటూనే ఉన్నాడు. చివరికి తువ్వాలు భుజాన వేసుకుని, ఎవరైనా అడిగితే పొడి కలిపింది తనేనని చెబుతానన్నాడు, నీ పేరెందుకులే అన్నాడు. అది వినగానే మైకక్క గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. ఆ మరుక్షణం, దిగినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే అన్నం పెట్టింది, ఆ సిగ్గుతోనే తింది. వద్దు అని మాత్రం అనలేదు.

రెండు రోజులు పోయాక బాబాయ్ భార్య మార్కెట్టుకి వచ్చింది. మైకక్క ఆమెని పిన్నీ అనే పిలుస్తుంది. ఈసారి పిలవకుండా చేపలు తుడవడంలో పడింది. తిట్టడానికి వచ్చిందనుకుంది. తిట్టినా బాగుండేది. పిన్ని పళ్లెం ముందు కూర్చుని, చేపలవైపు చూడకుండా, తగ్గు గొంతుతో మాట్లాడింది. యజమాని వచ్చే వారం కొత్త మనిషిని పెట్టుకుంటాడట. చేపలవాళ్ల సంఘం ముసలాయన తప్పు లేదని ఒక్క మాటంటే మాత్రం మళ్లీ ఆయన్నే రమ్మంటాడట. ఈ వయసులో ఇంకెక్కడా పని దొరకదు.

"ఆ రోజు షెడ్డులో మోటారే లేదమ్మా," అంది పిన్ని. "కాలిపోతే వైండింగు షాపులో ఇచ్చారు. పంపు లేనివాడు నీళ్లెట్లా వదుల్తాడు? అదే చెప్పబోయాడు నీకు. నువ్వు వినలా."

మైకక్క ఒక మంచి చేప తీసి కవర్లో వేసి చేతిలో పెట్టబోయింది. పిన్ని చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దులే. ఆ వాసనకే డోకుతున్నాడు. మా ఇంట్లో చేప మానేశాం."

మర్నాడే మైకక్క సంఘాన్ని పిలిచింది. బేరాలు ముగిసి, బండలు కడిగేశాక, ఆడవాళ్లు ఖాళీ పెట్టెలు బోర్లించుకుని కూర్చున్నారు. స్ప్రేయర్లు కూడా ఈ వీధివాళ్లే కదా, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్లలో ఆమె మొగుడు. మైకక్క మైకు తీసుకుంది. చేపల్ని చంపింది షెడ్డు కాదని, బాబాయ్ తప్పు లేదని, కలుపు మందని, ఎవరో అందులో సబ్బుపొడి కలిపి కల్వర్టు దగ్గర ట్యాంకులు కడుగుతున్నారని చెప్పింది. ఎవరో అంది. తను కట్టిన పొట్లాలకి ఎవరో అని పేరు పెట్టింది.

తలకాయలన్నీ గోడవైపు తిరిగాయి. పీతలమ్మే పెద్దమ్మ, నోటికి తాళం లేని మనిషి, కూర్చున్నచోటు నుంచే అందుకుంది.

"అయితే వలతాడు తెమ్మంటావా మైకూ? మెడ ఎవరిదో చెప్పు, ఈసారి దండ నేను గుచ్చుతా."

గొల్లున నవ్వారు. ఆ నవ్వు గేటు దగ్గర విన్న నవ్వే. మైకక్కకి ఆ రోజు అది వినసొంపుగా ఉండింది. గోడ దగ్గర ఆమె మొగుడు ఒకడుగు ముందుకి వేశాడు. చెయ్యి ఎత్తాడు. నేనే కలిపాను అన్నాడు. మాట పెద్దగా రాలేదు, అయినా అందరికీ వినపడింది, ఎందుకంటే మొదటిసారి మైకు నోరు మూసుకుని ఉంది.

ఆమె మూసుకునే ఉండవచ్చు. నలుగురూ నాలుగు మాటలని వదిలేస్తారు. సొంత మొగుడు కాబట్టి దండ కూడా పడదు. అలా అనుకున్న క్షణం ఒకటి వచ్చింది, వెళ్లింది. దాన్ని తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమె చెవులు వేడెక్కేవి.

మైకు మీట నొక్కి ఆపేసి, పెట్టె మీద పెట్టింది.

"పొడి వెయ్యమన్నది నేను. పొట్లాలు కట్టింది నేను. అక్కడ కడగమన్నది నేను. డాక్టరమ్మ మొహం మీదే అడిగితే నాకు తెలీదన్నాను."

ఎవరూ నవ్వలేదు. పీతల పెద్దమ్మ నోరు తెరిచి, "మరి ఆ ముసలాయన మెడలో..." అని ఆగిపోయి, కొంగుతో పెట్టె తుడవడం మొదలుపెట్టింది.

సంఘం మాట షెడ్డుకి చేరింది. యజమాని కొత్త మనిషిని పెట్టుకోవడం మానుకుని బాబాయ్‌ని రమ్మని కబురు పెట్టాడు. తీసేసినందుకు మాత్రం ఒక్క మాట అనలేదు. మైకక్క డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పింది. ఆమె తిట్టలేదు. ట్యాంకు కడిగిన నీళ్లని కాలువలో పారబొయ్యకుండా మందు కొట్టిన పొలంలోనే మళ్లీ చల్లెయ్యమంది, సబ్బుపొడి మానెయ్యమంది. చెరువులు కోలుకోవడానికి టైము పడుతుందంది. స్ప్రేయర్లు సరేనన్నారు. సరేనన్నవాళ్లలో కొందరు పొట్లాలు సొంతంగా కట్టుకోవడం నేర్చుకున్నారు. మైకక్క పొట్లం అన్న పేరు అలాగే ఉండిపోయింది. ఆ పేరు వినపడినప్పుడల్లా ఆమె పక్కకి తిరిగిపోయేది.

ఇంత జరిగినా ఆమెకి స్థిమితం లేదు. చేసిన తప్పుకి తగినంత పెద్దది ఏదో చెయ్యాలనిపించింది. పెద్దదంటే ఆమెకి తెలిసింది ఒకటే. ఒక పొద్దున చెరువులో తేలిన చేపల్ని ఏరి, వలతాడు గుచ్చి, ఆ దండ తన మెడలోనే వేసుకుని వీధిలోకి నడిచింది. గడపల్లోకి జనం వచ్చారు. వెనక పిల్లలు చేరారు. బాబాయ్ ఇంటి ముందుకొచ్చేసరికి చిన్న గుంపయింది.

బాబాయ్ తలుపు తీశాడు. సగం చిక్కిపోయి ఉన్నాడు. వాసనకి చెయ్యి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఆమెని చూసి, ఆమె వెనక గుంపుని చూసి, మళ్లీ ఆమెని చూశాడు.

"తీసెయ్యమ్మా అది. నన్ను తిప్పినప్పుడూ ముందు నడిచింది నువ్వే, ఇప్పుడూ నువ్వే. నీకు రెండూ ఊరేగింపులే."

మైకక్కకి తల కొట్టేసినట్టయింది. దండ తీసింది. ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది.

షెడ్డు నుంచి కబురొచ్చింది కదా బాబాయ్, వెళ్లవా అని ఎలాగో అడిగింది.

"పనిచ్చారు. పనికి వెళ్లాలంటే ఈ వీధిలోంచే నడవాలి కదా. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ల గడపలు నీకు తెలుసు. ఒక్కో గడపకీ వెళ్లి చెప్పు. మైకొద్దు, దండొద్దు, వెనక ఎవరూ వద్దు." తలుపు వేసేసుకున్నాడు.

ఆమె వెళ్లింది. ఊళ్లో ఆఫీసుల ముందు గొంతు చించుకున్న మనిషికి ఒక గడప ముందు నిలబడి మామూలు గొంతుతో మాట్లాడటం చేతకాలేదు. మొదటి ఇంట్లో కూర తరుగుతున్న ఇల్లాలు సంఘం చందాకి వచ్చిందనుకుని చిల్లర వెతకబోయింది. మైకక్క తడబడుతూ పొట్లం సంగతీ, కల్వర్టు సంగతీ చెప్పింది. రెండో ఇంట్లో ముసలామెకి చెవుడు, అదే మాట మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. గట్టిగా అరిస్తే ఒక్కసారికే వినపడేది, అరవలేదు. కొన్ని ఇళ్లలో మొహం మాడ్చుకుని విన్నారు. ఒకతను తను చప్పట్లు కొట్టనేలేదని ఒట్టు పెట్టుకున్నాడు. చాలా ఇళ్లలో "పోనీలే అక్కా, అయిపోయిందిగా" అన్నారు. అన్నిటికంటే ఆ మాటే ఆమెని కోసింది. అయిపోయిందనడానికి వాళ్లెవరు, వాళ్ల మెడలో పడిందా.

ఒక సందులో పిల్లలు ఆకులు గుచ్చి దండ చేసి, ఒకడి మెడలో వేసి, వాడి వెనక అరుచుకుంటూ నడుస్తున్నారు. మెడలో వేసుకున్నవాడు సరిగ్గా బాబాయ్‌లాగే తల దించుకుని నడుస్తున్నాడు. ఆటకి పేరు కూడా ఉంది. పంపాట. మైకక్క ఆపండ్రా అనబోయింది. అరవకుండా వాళ్ల దగ్గరికే వెళ్లి గొంతుక్కూర్చుని, పెద్దవాళ్లకి చెప్పినట్టే వాళ్లకీ చెప్పింది. వాళ్లు కదలకుండా విన్నారు. ఆమె వెళ్లగానే మళ్లీ మొదలుపెట్టారో లేదో చూడటానికి వెనక్కి తిరిగే ధైర్యం లేకపోయింది.

సాయంత్రం దీపాలు పెట్టేవేళకి మళ్లీ బాబాయ్ ఇంటికొచ్చి తలుపు తట్టింది.

"ఎవరూ?" అన్నాడు లోపలి నుంచి.

"నేనే."

"నేనంటే ఎవరు?"

వీధంతా కళ్లు మూసుకుని గుర్తుపట్టే గొంతు. ఆయన గుర్తుపట్టలేదు.

"నేనే బాబాయ్. అన్ని గడపలకీ వెళ్లొచ్చాను. తప్పు నాదని చెప్పాను. పొట్లం సంగతి, కల్వర్టు సంగతి, అంతా చెప్పాను."

లోపల కుర్చీ కిర్రుమంది. ఆయన తలుపు దగ్గరికొచ్చాడు, గడియ మాత్రం తీయలేదు.

"మోటారు సంగతి?"

మైకక్క నోరు తెరిచింది.

"ఆ రోజు మోటారు వైండింగు షాపులో ఉందని. నేను పంపు వెయ్యలేదని. నేను చెప్పబోయింది అదే కదా. చెప్పావా?"

పొద్దుటి నుంచి ప్రతి గడపలోనూ చెప్పిన మాటలన్నీ ఆమెకి ఒక్కసారి వినపడ్డాయి. నేను వెయ్యమన్నాను, నేను కట్టాను, నేను కడగమన్నాను. ఒక్క ఇంట్లో కూడా, ఒక్కసారి కూడా, ఆయన గురించి ఒక ముక్క లేదు. ఆయన ఆ రోజు రెండు చేతులెత్తి చెప్పబోయిన మాట ఇంకా ఆ గేటు దగ్గరే ఉండిపోయింది.

"చెప్పలేదు బాబాయ్."

ఆమె జవాబు కోసం నిలబడలేదు. మెట్టు దిగి, కొంగుతో మొహం తుడుచుకుని, పొద్దున మొదట వెళ్లిన ఇంటికే మళ్లీ నడిచింది. అక్కడ అన్నాలు తింటున్నట్టున్నారు, పళ్లేల చప్పుడు వినిపిస్తోంది. కాసేపు గడప పక్కన ఆగింది. తర్వాత తలుపు తట్టింది.